నల్ల ఇసుకలోంచి తెల్లని ముఖం

కావలి దగ్గర బోగోలు మండలంలో, చేపల రేవుతో పేరు పడ్డ ఊరు జువ్వలదిన్నె. ఆంధ్ర తీరం పొడవునా అక్కడక్కడా అల వెనక్కి తీసినప్పుడు ఇసుక మీద సన్నని నల్లని చారలు మిగులుతాయి. చేత్తో తీసి చూస్తే మామూలు ఇసుక కంటే బరువుగా ఉంటుంది. ఆ నల్లదనంలో ఎక్కువ భాగం ఇల్మెనైట్ అనే ఖనిజం. ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసి పుట్టిన రాయి అది. ఇనుమును విడదీసి శుద్ధి చేస్తే మిగిలేది టైటానియం డయాక్సైడ్, ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా వాడే తెల్ల రంగు. ఇంటి గోడకు వేసే రంగులో, టూత్‌పేస్టులో, నాటకాల వాళ్ళు ముఖానికి వేసుకునే తెల్లరంగులో ఉండేది అదే. కాళ్ళ కింద నల్లగా కనిపించే ఇసుకే ఊరేగింపులో వేషగాడి నుదుటి మీద తెల్లగా మెరుస్తుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఊరేగింపు వేషం గురించి చెప్పడానికి ఈ తీరం నుంచి బయలుదేరడానికి ఇంకో కారణం ఉంది. దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశంలో జనవరి చివర మొదలై సుమారు 40 రోజులు సాగే కార్నివాల్‌లో 'ముర్గా' అనే పాటల బృందాలు ముఖాల నిండా రంగులతో, డప్పులతో వేదికలెక్కుతాయి. అలాంటి సామూహిక వేషం మనకు కొత్త కాదు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర వేసవిలో, మే నెలలో వస్తుంది. వారం రోజులు వేషాలే. జువ్వలదిన్నె నుంచి రైల్లో పూట ప్రయాణం. ఆ జాతరలో కొన్ని రోజులకు ఒక్కోదానికీ ఒక్కో రంగు, ఒక్కో పదార్థం ఉంటాయి. రసాయన శాస్త్రం పాఠం చెప్పడానికి అంతకంటే మంచి బడి నాకు తెలియదు.

కథ చాలామందికి తెలిసిందే. ఆడవాళ్ళను చెరబట్టే పాలెగాణ్ణి వెతుకుతూ గంగమ్మ రోజుకో వేషం వేస్తుంది. బైరాగి వేషానికి ఒళ్ళంతా తెల్లని నామం మట్టి. బండ వేషానికి కుంకుమ. తోటి వేషానికి బొగ్గు. దొర వేషానికి గంధం. దొర వేషం చూసి మోసపోయి పాలెగాడు బయటికొస్తాడు, అమ్మవారి చేతిలో చస్తాడు. తర్వాత మాతంగి వేషం. అమ్మవారి వేషాలు కట్టేది కైకాల కుటుంబం మగవాళ్ళు. మొక్కుకున్న భక్తులు కూడా, చంటిపిల్లల దాకా, ఈ రంగులు పూసుకుని గుడికి వస్తారు. అమెరికా పరిశోధకురాలు జాయిస్ ఫ్లూకిగర్ ఈ జాతర మీద 2013లో ఒక పుస్తకమే వెలువరించారు. ఆమె దృష్టి ఆ వేషాల అర్థం మీద. మనం ఈ అధ్యాయంలో చూసేది ఆ రంగుల పనితీరును.

బైరాగి తెలుపుతో మొదలుపెడదాం. నామం మట్టి తెల్లబంకమట్టి. దాన్ని నీళ్ళలో కలిపి పూసినప్పుడు మొదట చర్మం మీద ఏమీ పూయనట్టే, బూడిద రంగు పొరలా కనిపిస్తుంది. ఆరేకొద్దీ తెల్లబడుతుంది. మట్టి మారలేదు, మరి తెలుపు ఎక్కడినుంచి వచ్చింది?

వెలుగు ఒక పదార్థంలోంచి మరో పదార్థంలోకి దాటేటప్పుడు కొంత వెనక్కి తిరుగుతుంది. ఎంత తిరుగుతుందన్నది ఆ రెండింటి వక్రీభవన గుణకాల తేడా మీద ఉంటుంది. గాలికి ఆ విలువ 1. నీటికి 1.33. నూనెకు సుమారు 1.47. తెల్లబంకమట్టికి సుమారు 1.56. లెక్క కడితే ఎండిన మట్టి రేణువు అంచు దగ్గర గాలిలో నూటికి దాదాపు 5 వంతుల వెలుగు వెనక్కి వస్తుంది. ఆ రేణువుల మధ్య నీరు చేరితే అది నూటికి 0.6కి, అంటే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. నూనె చేరితే నూటికి ఒకటిలో పదో వంతు కూడా మిగలదు. పూతలో ఇలాంటి అంచులు వేలకు వేలు ఉంటాయి. అన్నీ కొంచెం కొంచెం వెలుగును వెనక్కి చల్లితేనే మన కంటికి తెలుపు. అంటే నామం మట్టి తెలుపులో సగం పని మట్టిది, సగం పని రేణువుల సందుల్లో ఇరుక్కున్న గాలిది.

చెమట పట్టినచోట బైరాగి ముఖం మాసిపోవడానికి కారణం ఇదే. రంగు కారిపోకముందే తెలుపు పోతుంది, ఎందుకంటే సందుల్లో గాలి స్థానంలోకి నీరు వచ్చింది. నూనె రాసుకున్న ముఖం మీద నామం మట్టి పూస్తే ఎంత పూసినా తేలదు. టైటానియం డయాక్సైడ్ సంగతి వేరు. దాని విలువ 2.7. నూనెలో ముంచినా దాని అంచు దగ్గర నూటికి 8, 9 వంతుల వెలుగు తిరిగి వస్తుంది. అదే నూనెలో మట్టి ఇచ్చేదానికి దాదాపు వంద రెట్లు. మునుపటి నాటకాల 'సఫేదా'లో వాడిన జింక్ ఆక్సైడ్ విలువ 2 దరిదాపుల్లో ఉంది, కాబట్టి దాని బలం ఈ రెండింటికీ నడుమ. నూనె ఆధారంగా చేసిన మేకప్ కర్రల్లో తెలుపు నిలబడేది ఇలాంటి తెల్లని పొడుల వల్లనే.

బండ వేషం ఎరుపుకు, అంటే పసుపు, సున్నం కలిసి పుట్టే కుంకుమకు వద్దాం. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని పారాణి పెట్టుకునే ప్రతి ఇంటికీ తెలుసు. పసుపులోని కర్కుమిన్ అనే పదార్థం ఆమ్లంలో, తటస్థ ద్రవంలో పసుపుపచ్చగా ఉంటుంది. క్షారం తగిలితే దాని అణువు హైడ్రోజన్‌ను వదులుకుంటుంది, మింగే వెలుగు మారిపోతుంది, ఎర్రగా కనిపిస్తుంది. నిమ్మకాయ పిండితే మళ్ళీ వెనక్కి పోతుంది. మనిషి చెమట మామూలుగా కొంచెం ఆమ్ల స్వభావం కలది. కాబట్టి సున్నంతో తెచ్చిన ఎరుపును చెమట పట్టే చర్మం మీద నమ్ముకోలేం. పాదానికి పూసే పారాణిని ముఖానికి ఎక్కించాలని ఎవరికైనా ఆలోచన వస్తే మానుకోవాలి. తడి సున్నం చాలా గాఢమైన క్షారం. కంట్లో పడితే చూపుకే ముప్పు.

తోటి వేషం బొగ్గుది సూటి కథ. కార్బన్ రేణువు తన మీద పడిన వెలుగులో దాదాపు అంతా మింగేస్తుంది, ఏ రంగునూ ప్రత్యేకంగా వెనక్కి పంపదు. చెమటకు రంగు మారదు, ఎండకు వెలవదు. కాటుక కూడా అదే పదార్థం. గంధం పూత తక్కువ రంగుది. చర్మం రంగును కప్పకుండా కొంచెం పాలిపోయినట్టు చేస్తుంది, అంతే. దొరకు అంతకంటే అక్కర్లేదు.

పాత వేషాల్లో ఇంకో రంగు ఉండేది, పసుపుపచ్చని అర్దళం. వీధినాటకం వాళ్ళు, పగటివేషాల వాళ్ళు ముఖానికి పూసుకునేవాళ్ళు. కాగడా వెలుగులో ముఖం బంగారంలా కనబడేదని పెద్దలు చెప్పుకుంటారు. అర్దళం అంటే ఆర్సెనిక్ సల్ఫైడ్. ఆర్సెనిక్ విషం. కేరళ కథాకళి వాళ్ళ 'మనయోల' కూడా ఈ జాతిదే. కాగడా వెలుగులో నీలం తక్కువ, పసుపు, ఎరుపు ఎక్కువ. కాబట్టి పసుపుపచ్చని ముఖం ఆ వెలుగును దాదాపుగా వృథా చేయదు. ఆ కళాకారులు కంటితో కనిపెట్టిన సత్యం గొప్పది. కానీ ఆ సత్యానికి మూల్యం వాళ్ళ చర్మమే చెల్లించింది. ఈ రోజు మన దేశపు కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం సౌందర్య సాధనాల్లో రంగు కోసం సీసం సమ్మేళనాలు గానీ ఆర్సెనిక్ సమ్మేళనాలు గానీ వాడకూడదు. బంగారు పసుపు కావాలంటే ఐరన్ ఆక్సైడ్ ఉంది. శుద్ధి చేసిన ఇనుప తుప్పు అనుకోవచ్చు.

మెరుపు కావాలంటే మనం నెల్లూరు సీమ దాటి పోనక్కరలేదు. గూడూరు, సైదాపురం చుట్టూ అభ్రకం గనులు ఉన్నాయి. ఆ మట్టిలో నడిస్తే కాళ్ళకు తళుకు అంటుకుంటుంది. అభ్రకం పలకలు పలకలుగా విడిపోయే రాయి. ఆ పలకను పొడి చేసి, ప్రతి రేకు మీదా టైటానియం డయాక్సైడ్‌ను అతి పలుచని పొరగా ఎక్కిస్తే ముత్యపు మెరుపు పొడి తయారవుతుంది. పొర పై అంచు నుంచి తిరిగిన వెలుగు, కింది అంచు నుంచి తిరిగిన వెలుగు కలుసుకుని కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని చచ్చిపోతాయి. నీటి మీద తేలే డీజిలు చుక్కలో కనిపించే రంగులు ఇలాంటివే. పొర మందం వెంట్రుక మందంలో వెయ్యో వంతు దరిదాపుల్లో ఉన్నప్పుడు వెండి రంగు. కొంచెం పెంచితే బంగారం, ఇంకా పెంచితే ఎరుపు, తర్వాత నీలం, ఆకుపచ్చ. అద్దకం లేదు, రంగు పదార్థం లేదు, మందం ఒక్కటే.

ఈ ఉపాయాన్ని చేప మనకంటే ముందే కనిపెట్టింది. రేవులో దించిన వంజరం పొట్ట మీది వెండి మెరుపు గ్వానైన్ అనే పదార్థం స్ఫటికాలది. మన జన్యువుల్లోని నాలుగు అక్షరాల్లో ఒకటైన గ్వానైనే అది. చేప దాన్ని పలుచని పలకలుగా పేర్చి అద్దం చేసుకుంటుంది. ఫ్రాన్స్‌లో 17వ శతాబ్దంలోనే చేప పొలుసుల నుంచి ఈ మెరుపును తీసి కృత్రిమ ముత్యాలకు పూశారు, తర్వాత అది గోళ్ళ రంగుల్లోకీ వచ్చింది. జువ్వలదిన్నె కుర్రవాళ్ళు ఊరేగింపుకు ఒక కొత్త బృందం కట్టాలనుకుంటే పులి కోసం అడవికి పోవాల్సిన పనిలేదని నా అభిప్రాయం. కానగంత చేప వీపు మీది పొడవాటి చారలున్నాయి. చెరువుల్లో పెంచే టైగర్ రొయ్య చారలున్నాయి. చేప వీపు నలుపు, పొట్ట తెలుపు ఉన్నాయి. నుదురు ముదురు నీలం, చెంపలు వెండి, గడ్డం తెలుపు చేస్తే చాలు, ముప్పై మంది వరసగా నడిస్తే చేపల గుంపే.

అయితే ఆ చార ఎంత మందం ఉండాలి? చాలామంది వేషగాళ్ళు అద్దంలో చూసుకుని తృప్తిపడతారు. అద్దం అడుగు దూరంలో ఉంటుంది, జనం ముప్పై మీటర్ల దూరంలో ఉంటారు. ఆరోగ్యంగా ఉన్న కన్ను విడదీసి చూడగల అతి చిన్న కోణం డిగ్రీలో అరవయ్యో వంతు. ఇది 10 మీటర్ల దూరంలో 3 మిల్లీమీటర్లు, 30 మీటర్ల దూరంలో దాదాపు 9 మిల్లీమీటర్లు అవుతుంది. రెండు మిల్లీమీటర్ల గీతలు పక్కపక్కనే దగ్గరగా గీస్తే ముప్పై మీటర్ల నుంచి అవి కలిసిపోయి బూడిద రంగు మరకలా ఉంటాయి. వేలెడు వెడల్పు చార, పక్కన అంతే ఖాళీ ఉంటే నిలబడతాయి. త్రిశూరు పులికళిలో ఓణం నాలుగో రోజు నడిచే పులుల పొట్టల మీద చారలు అంత పెద్దవిగా ఉండటం మొరటుదనం కాదు, కొలత.

దగ్గరికొచ్చినప్పుడు చూడటానికి కూడా ఏదో ఉండాలి. అందుకే వేషం మూడు దూరాలకు కట్టాలంటాను. వీధి చివర నుంచి చూసేవాడికి రెండే రెండు రంగుల ముద్దలు, ఒకటి ముదురు, ఒకటి లేత. అరుగు మీద కూర్చున్నవాడికి చారలు, కనుబొమలు. చేతిలో హారతి పళ్ళెంతో ఎదురొచ్చిన ఆడమనిషికి కంటి కొస దగ్గర చిన్న చుక్కలు, వెండి మెరుపు. నల్ల చార పక్కన సన్నని తెల్లగీత పెడితే నలుపు ఇంకా నల్లగా కనిపిస్తుంది. కంటిలోని నాడీకణాలు పక్కపక్క వెలుగుల తేడాను పెంచి చూపడం దానికి కారణం. మసకచీకట్లో ఎరుపు నల్లబడిపోయి నీలం, ఆకుపచ్చ తేలతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. దీన్ని పరీక్షించడానికి కుంకుమ బొట్టును సాయంత్రం లైట్లు వేయకముందు చూస్తే చాలు.

ముఖంలో ఏ భాగం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి? కళ్ళ మీద అని ఎవరైనా అంటారు. 2003లో సదర్, జరూది, సిన్హా అనే పరిశోధకులు ప్రసిద్ధుల ఫొటోల్లో కళ్ళు తీసేసి కొన్ని, కనుబొమలు తీసేసి కొన్ని జనానికి చూపించారు. కనుబొమలు లేని ముఖాలను పోల్చుకోవడమే కష్టమైంది. మనిషి పోలిక చెరిపేసి వేరే జీవిని చేయాలంటే ముందు కప్పాల్సింది కనుబొమలను. మనిషి మనిషిగానే ఉంటూ వేరే మనిషిలా మారాలన్నా మార్చాల్సింది వాటినే.

కూచిపూడి పగటివేషాల్లో అర్ధనారీశ్వర వేషం ఉంది. ఒకే ముఖానికి ఒక పక్క శివుడు, ఒక పక్క పార్వతి. మధ్యలో తెరలాంటి గుడ్డను అటూ ఇటూ మారుస్తూ ఒకసారి అతన్ని, ఒకసారి ఆమెను చూపిస్తారు. ముక్కు ఒకటే, దవడ ఒకటే, చర్మం ఒకటే. మరి ఒక పక్క స్త్రీగా, ఒక పక్క పురుషుడిగా ఎలా కనిపిస్తాయి? రిచర్డ్ రస్సెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2009లో చూపించింది ఇక్కడ పనికొస్తుంది. కళ్ళూ పెదవులూ ఒక వైపు, వాటి చుట్టూ ఉన్న చర్మం ఒక వైపు పెట్టి వెలుగు తేడా కొలిస్తే ఆడవాళ్ళ ముఖాల్లో ఆ తేడా ఎక్కువ, మగవాళ్ళ ముఖాల్లో తక్కువ. ఆడా మగా కాని ఒకే ముఖం బొమ్మలో ఆ తేడాను పెంచితే చూసేవాళ్ళు స్త్రీ అన్నారు, తగ్గిస్తే పురుషుడన్నారు. పార్వతి పక్క చర్మం లేత రంగులోకి తెచ్చి, కాటుక, పెదవి ఎరుపు గాఢం చేసి, కనుబొమ సన్నగా పైకి లాగితే సగం పని అయినట్టే. శివుడి పక్క పూత ముదురు, పెదవికి రంగు లేదు, కనుబొమ దట్టం. పూర్వపు వేషగాళ్ళు ఈ కొలతను ఏ పరికరం లేకుండా పట్టుకున్నారు. స్థానం నరసింహారావు (1902–1971) చిత్రాంగిగా, వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) సత్యభామగా రంగస్థలం మీద నిలిచినప్పుడు ప్రేక్షకులు వాళ్ళను మగవాళ్ళని నమ్మలేకపోయారంటే దానిలో నడక, చూపు, గొంతు, ఏళ్ళ సాధన ఉన్నాయి. ముఖం మీది ఆ వెలుగు తేడా కూడా తన వంతు పని చేసింది.

ఇంతవరకూ చూసేవాడి కన్ను గురించి. ఇప్పుడు వేసుకున్నవాడి చర్మం గురించి చెప్పాలి. ఈ అధ్యాయం రాయాలని నన్ను కూర్చోబెట్టింది ఈ భాగమే.

ఒళ్ళంతా రంగు పూస్తే చర్మానికి గాలి ఆడక మనిషి చచ్చిపోతాడని ఒక నమ్మకం ఉంది. అది తప్పు. మనం ఊపిరితిత్తులతో శ్వాసిస్తాం. చర్మం పైపొర బయటి గాలి నుంచి తీసుకునే ఆక్సిజన్ ఒంటి మొత్తం అవసరంలో లెక్కలోకి రానంత తక్కువ. నిజమైన ప్రమాదం వేడి. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 2,400 కిలోజూళ్ళ వేడి పోతుంది. గంటకు లీటరు చొప్పున అంటే పదకొండు 60 వాట్ల బల్బుల వేడిని ఒళ్ళు బయటికి పంపిస్తున్నట్టు. పలకల మోతకు గంటలకొద్దీ ఎగిరే పులివేషగాడికి అంత చల్లదనమూ కావాలి. చెమట కారితే చాలదు, ఆవిరి కావాలి. సముద్రపు గాలిలో అసలే తేమ ఎక్కువ, చెమట త్వరగా ఆరదు. దానిపైన ఇనపగేటుకు వేసే ఎనామిల్ పెయింటు ఒంటినిండా పూస్తే ఉన్న దారి కూడా మూసినట్టే. ముఖం మొత్తం ఒంటి చర్మంలో నూటికి నాలుగైదు వంతులు మాత్రమే. కాబట్టి ముఖానికే పరిమితమైన వేషంతో వడదెబ్బ భయం తక్కువ, ఒళ్ళంతా పూసే వేషంతో ఎక్కువ.

ఎనామిల్‌తో రెండో కష్టం దాన్ని వదిలించేటప్పుడు వస్తుంది. సబ్బుకు పోదు కనుక కిరసనాయిలుతోనో టర్పెంటైన్‌తోనో రుద్దుతారు. చర్మం పైన చనిపోయిన కణాల పొర ఒకటి ఉంది, మిల్లీమీటరులో యాభయ్యో వంతు మందం. కణాలు ఇటుకలైతే వాటి మధ్య కొవ్వు సున్నం లాంటిది. కిరసనాయిలు ఆ కొవ్వును కరిగిస్తుంది. గోడ వదులైపోతుంది. చర్మం ఎర్రబడి, పగిలి, మండుతుంది, వారం దాకా ఏది తగిలినా భరించలేదు. కనురెప్ప చర్మం ఒంట్లోకెల్లా పలుచనిది, మొత్తం మందం అర మిల్లీమీటరు. పిల్లల కనురెప్పల మీద కిరసనాయిలు గుడ్డతో రుద్దడాన్ని ఆచారం అని ఎవరూ సమర్థించకూడదు. ఇళ్ళకు వేసే పెయింట్లలో సీసాన్ని మిలియనుకు 90 వంతులకు పరిమితం చేసే నియమం మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. షెడ్డు మూలన పడి ఉన్న పాత డబ్బాకు ఆ నియమం తెలియదు.

మరి ఏం వాడాలి? నీళ్ళతో తడిపి పూసే మేకప్ బిళ్ళలు తేలికగా ఉంటాయి, సబ్బుతో పోతాయి, కానీ చెమటకు కారతాయి. నూనె, మైనం ఆధారంగా ఉండే మేకప్ కర్ర చెమటకు కరగదు, ఎందుకంటే నీరు నూనెను కరిగించదు. అయితే ఒంటి వేడికి మెత్తబడి జారుతుంది. దాని మీద పౌడరు అద్దాలి. పౌడరు రేణువులు పైనున్న నూనెను పీల్చుకుని పొరను బిగిస్తాయి. తీరంలో పగటి ఊరేగింపుకు నేను ఎంచేది పలుచని నూనె రంగు, దానిపై పౌడరు. మందంగా పూస్తే నవ్వినప్పుడు పగులుతుంది. నుదుటి మీద అడ్డంగా, కళ్ళ కొసల దగ్గర, ముక్కు పక్క మడతల్లో చర్మం రోజుకు వేలసార్లు ముడుచుకుంటుంది. చార గీసేటప్పుడు ముందు ఒకసారి గట్టిగా నవ్వించి, కోపంగా చూడమని చెప్పి, ఆ ముడతలు ఎక్కడ పడుతున్నాయో చూసి వాటి వెంబడే గీత నడిపిస్తే పగులు కూడా బొమ్మలో కలిసిపోతుంది.

ఇంకో మాట. ఒకే కాటుక పుల్లతో, ఒకే స్పాంజితో ముప్పై మందికి రంగు వేస్తే ఒకరి కండ్లకలక ముప్పై మందికీ అంటుతుంది. పెళ్ళికార్డుల మీద చల్లే చమ్కీ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు మీది పారదర్శక పొరను గీరుతుంది. కంటి దగ్గర మెరుపు కావాలంటే ముఖానికి వాడదగినదని రాసి ఉన్న సన్నని అభ్రకపు పొడే తీసుకోవాలి.

వచ్చే దసరాకో, తిరునాళ్ళకో మీ వీధిలో ఎవరైనా పిల్లవాడికి పులివేషం కడుతుంటే, రంగు డబ్బా తెరవకముందే అది గోడకు చేసినదా, చర్మానికి చేసినదా చదవండి. చర్మానికి చేసినదైనా ముందురోజు మోచేతి మడతలో చుక్కంత పూసి, తెల్లారాక చూడండి. దురద, ఎరుపు లేకపోతేనే ముఖానికి ఎక్కించండి. వేషం దించేటప్పుడు కొబ్బరినూనె రాసి పది నిమిషాలు ఆగితే నూనె రంగు దానంతటదే వదులవుతుంది. తర్వాత మెత్తని గుడ్డ, సబ్బు, మంచినీళ్ళు చాలు.